తాళం చెవికి షరతు ఉండాలా?



కొన్నేళ్ళ క్రితం మా ఊరి రైల్వే స్టేషన్ దగ్గర, నిలువ నీడలేని వారి కోసం మేము కొందరం కలిసి ఒక రాత్రి ఆశ్రయం తెరిచాం. మూడు గదుల పాత పెంకుటిల్లు, ముప్ఫై చాపలు, ముప్ఫై దుప్పట్లు, పెరట్లో ఒక కుళాయి. అంతే మా ఆస్తి. నిర్వాహక సంఘంలో నేనూ ఒకణ్ణి. మొదటి నెలలోనే మేము ఒక నియమం పెట్టాం. రాత్రి ఏడు గంటలకు జరిగే మద్యపాన విముక్తి తరగతికి వచ్చిన వారికే చాప ఇవ్వాలి. హాజరు పుస్తకంలో వేలిముద్ర లేనివారిని లోపలికి రానివ్వకూడదు. ఆ నియమాన్ని ప్రతిపాదించింది నేనే. అందరూ మెచ్చుకున్నారు. నేనూ సంతోషపడ్డాను.

ఒక సాయంత్రం అరవై దాటిన రిక్షా కార్మికుడొకడు గుమ్మం దగ్గరకు వచ్చాడు. తాగి ఉన్నాడు గాని తూలడం లేదు. తరగతి సంగతి చెప్పాను. రానన్నాడు. అయితే చాప లేదన్నాను. అతడు కోపగించుకోలేదు. నా ముఖంలోకి చూసి, "బాబూ, మీ ఇంట్లో మీరు పడుకోడానికి రోజూ ఏ పాఠం వింటారు?" అని అడిగాడు. "నా ఇల్లు వేరు" అనబోయి ఆగిపోయాను. ఎందుకంటే నేనుంటున్న ఇల్లు నేను కట్టుకున్నది కాదు. మా నాన్నగారు కట్టించింది. ఆయన నాకు దాన్ని ఏ షరతూ పెట్టకుండానే ఇచ్చారు.

అతడు తిరిగి ప్లాట్‌ఫారం వైపు వెళ్ళిపోయాడు. అతని ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది. ఆ ప్రశ్ననే ఈ వారం మీ ముందు పెడుతున్నాను. ఇల్లు లేనివారికి ఇల్లు ఇచ్చేటప్పుడు చికిత్సకు రావాలి, తరగతికి రావాలి, తాగుడు మానాలి అని షరతు పెట్టడం న్యాయమేనా?

ఇది మన ఊరి ప్రశ్న మాత్రమే కాదు. దీన్ని అమెరికా దేశం ముప్ఫై ఏళ్ళకు పైగా చర్చిస్తూనే ఉంది. అక్కడ చాలాకాలం నడిచిన పద్ధతిని మెట్ల పద్ధతి అనవచ్చు. వీధిలో ఉన్నవాడు ముందు ఆశ్రయానికి రావాలి. అక్కడ తాగకుండా ఉంటే తాత్కాలిక నివాసం, అక్కడ మందులు వేసుకుంటూ క్రమశిక్షణతో ఉంటే చివరకు సొంతంగా ఉండే గది. ఒక మెట్టు మీద కాలు జారితే మళ్ళీ కింది మెట్టుకు, లేదా వీధికి. ఇల్లు అంటే చివర్లో ఇచ్చే బహుమానం.

1992లో న్యూయార్క్ నగరంలో శామ్ సెంబెరిస్ అనే మనస్తత్వ నిపుణుడు ఈ మెట్లను తలకిందులు చేశారు. పాత్‌వేస్ టు హౌసింగ్ అనే సంస్థను స్థాపించి, తీవ్రమైన మానసిక వ్యాధులతో వీధుల్లో బతుకుతున్న వారికి ముందే అద్దె ఇంటి తాళం చెవి ఇచ్చారు. చికిత్స తీసుకోవాలన్న షరతు లేదు. తాగుడు మానాలన్న షరతు లేదు. అయితే అసలు షరతులే లేవనుకోకండి. వచ్చే ఆదాయంలో నూటికి ముప్ఫై వంతులు అద్దెకు కట్టాలి. సంస్థ కార్యకర్తలు ఇంటికి వస్తే కలవాలి. ఇరుగుపొరుగు వారితో అందరు అద్దెదారుల్లాగే మెలగాలి. చికిత్స, ఉద్యోగం, వైద్యం అన్నీ ఇంటి గుమ్మం వరకు వస్తాయి. తీసుకోవడం అతని ఇష్టం. ఈ పద్ధతికి "ముందు ఇల్లు" అనే అర్థమిచ్చే పేరు వచ్చింది. 2000లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం అయిదేళ్ళ తర్వాత ఈ ఇళ్ళలో నూటికి 88 మంది నిలిచారు. ఆ నగరంలోని మెట్ల పద్ధతి నివాసాలలో నిలిచింది 47 మంది.

తర్వాత ఈ పద్ధతి అమెరికా ప్రభుత్వ విధానమైంది. ఇప్పుడు గాలి మారింది. 2025 జూలై 24న అధ్యక్షుడు ట్రంప్ జారీ చేసిన ఉత్తర్వు, "ముందు ఇల్లు" పద్ధతికి ఇస్తున్న మద్దతును ఆపాలనీ, మత్తు వ్యసనం గాని తీవ్ర మానసిక వ్యాధి గాని ఉన్నవారు చికిత్సలో పాల్గొనడాన్ని షరతుగా పెట్టాలనీ తన శాఖలకు చెప్పింది. ఆ వాదనను తేలికగా కొట్టిపారేయకూడదు. 2024 జనవరిలో ఒక్క రాత్రి లెక్కిస్తే ఆ దేశంలో ఇల్లు లేనివారు 7,71,480 మంది తేలారు. అంతకు ముందు ఎన్నడూ అంత సంఖ్య రాలేదు. ఇన్నేళ్ళు షరతుల్లేకుండా ఇచ్చి ఏం సాధించారని విమర్శకులు అడుగుతున్నారు.

అడగవలసిన ప్రశ్నే. కాని పడవకు చిల్లు పడి నీళ్ళు వస్తున్నప్పుడు, తోడుతున్న చెంబు పనికిరానిదని తేల్చేయలేం కదా! అద్దెలు పెరిగి, ఇళ్ళు చాలక, రోజూ కొత్తవారు వీధిన పడుతుంటే, బయటపడినవారు ఎందరైనా మొత్తం లెక్క పెరుగుతూనే ఉంటుంది. షరతు మంచిదా కాదా అని తెలుసుకోవాలంటే ఒకే రకం మనుషుల్ని రెండు వర్గాలు చేసి చూడాలి.

కెనడా ఆ పని చేసింది. 2009 నుండి 2013 వరకు అయిదు నగరాలలో, మానసిక వ్యాధి ఉండి ఇల్లు లేని రెండు వేల మందికి పైగా వ్యక్తులను చీటీలు వేసినట్లు రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి షరతు లేని ఇల్లు, తోడుగా సేవలు. రెండో వర్గానికి ఊళ్ళో మామూలుగా దొరికే సేవలు. చివరి ఆరు నెలల్లో మొదటి వర్గంలో నూటికి 62 మంది పూర్తికాలం ఇంట్లోనే ఉన్నారు. రెండో వర్గంలో 31 మంది. అంటే సరిగ్గా సగం.

అయితే ఇక్కడ ఒక నిజం దాచకూడదు. మద్యం, మత్తు విషయంలో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రెండూ కొంత మెరుగుపడ్డాయి. అమెరికా జాతీయ అకాడమీలు 2018లో ఇచ్చిన నివేదిక కూడా, ఇల్లు ఇచ్చినంత మాత్రాన ఆరోగ్యం బాగుపడుతుందనడానికి హెచ్.ఐ.వి. సోకిన వారి విషయంలో తప్ప గట్టి ఆధారం లేదన్నది. ఇల్లు ఇస్తే వ్యసనం దానంతటదే పోతుందని చెప్పేవారు ఎక్కువ చెబుతున్నారు. ఇల్లు మందు కాదు, ఇల్లే. కాని షరతు లేకపోతే తాగుడు మరింత పెరిగిపోతుందన్న భయానికీ కెనడాలో ఆధారం దొరకలేదు.

అంకెలు ఇంతవరకే తీసుకుపోతాయి. ఇక మిగిలింది మన మనస్సాక్షి తేల్చుకోవలసిన ప్రశ్న.

షరతులన్నీ ఒకటి కావు పాఠకులారా. వాటిని మూడు రకాలుగా విడదీసి చూద్దాం. మొదటిది, ఇంట్లో ఉండే ఎవరికైనా వర్తించే షరతు. అద్దె కట్టు, గోడలు పగలగొట్టకు, అర్ధరాత్రి గోల చేయకు. ఇది కోటీశ్వరుడైన అద్దెదారుకూ ఉంది. రెండోది, తోటివారి రక్షణ కోసం పెట్టే షరతు. కత్తి తేకు, కొట్టకు, సీసా లోపలికి తేకు. ఇదీ న్యాయమే. పక్క చాప మీద పడుకున్నవాడూ మన అతిథే. మూడోది, అతని మంచి కోసమేనంటూ అతని మీద పెట్టే షరతు. నీకు రోగం ఉంది, నేను చెప్పిన మందు తాగితేనే నీకు కప్పు. మన వివాదం ఈ మూడోదాని గురించే. మా ఆశ్రయంలో నేను పెట్టిన నియమం ఈ మూడో రకానిది.

ఈ మూడో రకం ఎందుకు తప్పు? నాకు తోచిన కారణాలు రెండు.

మొదటిది. జనవరి చలిలో ప్లాట్‌ఫారం మీద పడుకోవలసినవాణ్ణి "తరగతికి వస్తావా, బయటికి పోతావా?" అని అడిగితే అతడు "వస్తాను" అంటాడు. దాన్ని సమ్మతి అందామా? ఆకలి, చలి మెడ మీద కూర్చుని చెప్పించిన మాట అది. ప్రాణావసరాన్ని పగ్గంగా వాడుకున్నవాడు ఎంత మంచి దారిలో నడిపించినా, నడిపించింది మనిషినని చెప్పుకోలేడు.

రెండోది నేను కళ్ళారా చూసింది. మా హాజరు పుస్తకం ప్రతిరోజూ నిండింది. వేలిముద్రలన్నీ ఉన్నాయి. నాకు తెలిసి వారిలో ఒక్కరూ తాగుడు మానలేదు. పాఠం చెప్పిన ఉపాధ్యాయుడు మంచివాడే. కాని "నిన్న తాగావా?" అని అడిగితే ఎవరూ నిజం చెప్పేవారు కారు. ఎలా చెబుతారు? నిజం చెబితే చాప పోతుంది. వ్యసనం నుండి బయటపడాలంటే ముందు ఎవరో ఒకరి దగ్గర "నేను మళ్ళీ పడిపోయాను" అని భయం లేకుండా చెప్పుకోగలగాలి. మా షరతు సరిగ్గా ఆ నోటినే మూసేసింది. సహాయం చేయవలసిన మనిషికే అబద్ధం చెప్పక తప్పని పరిస్థితి కల్పించి, దానికి చికిత్స అని పేరు పెట్టాం.

ఇక మీలో కొందరి మనసులో మెదులుతున్న అభ్యంతరాలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి.

"పని చేయనివాడు తినకూడదని పౌలుగారు తెస్సలోనికయులకు రాయలేదా?" అంటారు. రాశారు. కాని ఆయన రాసింది పని చేయగలిగి కూడా చేయడానికి ఇష్టపడక, ఇతరుల జోలికి పోతూ తిరిగే వారి గురించి. చేయలేనివారి గురించి కాదు. దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ణి సత్రానికి చేర్చిన సమరీయుని గుర్తు చేసుకోండి. అతడు గాయాలు కట్టాడు, సత్రం ఖర్చు ఇచ్చాడు, ఇంకేమైనా అయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. ఆ ఒంటరి దారిన ఎందుకు వచ్చావని అడగలేదు. ఇకముందు రానని మాట తీసుకోలేదు.

"దాతల డబ్బు వృథా కావచ్చునా?" అని మరో ప్రశ్న. కాకూడదు. లెక్క చెప్పవలసిందే. కాని ఏ లెక్క? ఎందరు పాఠం విన్నారన్న లెక్క కాదు. ఎందరు ఎన్ని రాత్రులు కప్పు కింద పడుకున్నారు, ఎందరు మళ్ళీ వీధికి పోలేదు అన్న లెక్క. ఆశ్రయానికి ఇచ్చిన డబ్బు ఆశ్రయం ఇచ్చిందా అన్నదే దాత అడగవలసింది.

"ముప్ఫై చాపలకు యాభై మంది వస్తే, బాగుపడాలని చూసేవాడికి ఇవ్వడం న్యాయం కాదా?" ఇది కష్టమైన ప్రశ్న. కాని ఆలోచించండి. గంటసేపు కుదురుగా కూర్చుని పాఠం వినగలిగేవాడు యాభై మందిలో కాస్త బలంగా ఉన్నవాడు. తనలో తాను మాట్లాడుకునేవాడు, చేతులు వణికేవాడు కూర్చోలేడు. షరతు పెడితే మనం ఎంచుకునేది మంచివాణ్ణి కాదు, బలవంతుణ్ణి. చాపలు చాలనప్పుడు ముసలివారికి, రోగులకు, పిల్లల తల్లులకు ముందు ఇవ్వాలి. అవసరమే వరుస నిర్ణయించాలి.

అన్నిటికంటె బరువైన అభ్యంతరం ఒక సోదరి నాతో అన్నది. "మీరు స్వేచ్ఛ, స్వేచ్ఛ అంటున్నారు. తాగుబోతుకు స్వేచ్ఛ ఎక్కడిది? దాన్ని సారా ఎప్పుడో మింగేసింది. వాడి ఇష్టానికి వదిలేయడమంటే చావుకు వదిలేయడమే." ఆమె భర్తను తాగుడుకు పోగొట్టుకున్న మనిషి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడిన ఆడవాళ్ళ బాధ ఆమె గొంతులో ఉంది. ఆమె మాటలో సగం పూర్తిగా నిజం. తలుపు తీసి, తాళం చెవి ఇచ్చి, "నీ ఇష్టం నాయనా" అని వెళ్ళిపోవడం ప్రేమ కాదు, వదిలించుకోవడం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు, తన మంచి తాను తెలుసుకోలేని స్థితిలో ఉన్నప్పుడు బలవంతంగానైనా చికిత్స చేయించక తప్పదు. దానికి మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ఉంది, వైద్యులున్నారు, వారి నిర్ణయాన్ని పరిశీలించే బోర్డుల ఏర్పాటు ఉంది. ఇల్లు లేని మానసిక రోగికి ఉచిత చికిత్స హక్కు అని కూడా ఆ చట్టమే చెబుతోంది. కాని ఆ అధికారం చాపలు పంచే నా చేతిలో ఉండకూడదు. ఒక విషయం గమనించండి. దూబగుంట స్త్రీలు మూయించింది సారా దుకాణాన్ని. తాగినవాడి ఇంటి తలుపును కాదు.

తాగుడు మానాలని పట్టుదలతో ఉన్నవారికి, మద్యం వాసనే లేని ఇల్లు కావాలి. చిన్న పిల్లలున్న చోట కూడా కావాలి. అలాంటి ఇళ్ళు వేరుగా ఉండడం అవసరం. తెలిసి, కోరి, "నాకు ఈ నియమం కావాలి" అని చేరినవాడికి ఆ నియమం సంకెల కాదు, ఊతకర్ర. ఒక్కటే చూసుకోవాలి. అక్కడ ఉండలేక బయటికి వచ్చినవాడికి మిగిలేది వీధి కాకూడదు, మరో కప్పు కావాలి.

శ్రీసభకు ఈ ఆలోచన కొత్త కాదు. 1933లో న్యూయార్క్‌లో డొరొతీ డే, పీటర్ మౌరిన్ ప్రారంభించిన కాథలిక్ వర్కర్ ఉద్యమం వారి అతిథి గృహాలలో, వచ్చినవాణ్ణి బాగుచేయవలసిన కేసుగా కాక అతిథిగానే చూశారు. ఐక్యరాజ్యసమితి నిరాశ్రయుల సంవత్సరంగా ప్రకటించిన 1987 చివర్లో వాటికను న్యాయ శాంతి సంఘం ఒక పత్రం వెలువరించింది. ఇల్లు మనిషికి హక్కు అన్నదే దాని సారాంశం. కయీనును దేవుడు అడిగిన ప్రశ్నను గుర్తుకు తెచ్చేలా, ఇల్లు లేని నీ సోదరుని ఏం చేశావు అన్న అర్థంలో దానికి పేరు పెట్టారు. హక్కు అన్న తర్వాత దాన్ని మంచి నడతకు బహుమానంగా దాచిపెట్టడం కుదరదు.

అయితే షరతు తీసేస్తే మన పని తగ్గుతుందనుకోకండి, పెరుగుతుంది. షరతు పెట్టినవాడు గుమ్మం దగ్గర కూర్చుంటే చాలు. షరతు తీసేసినవాడు తానే లేచి వెళ్ళాలి. ఈ వారం రానంటే వచ్చే వారం మళ్ళీ వెళ్ళాలి. విన్సెంట్ డి పాల్ సంఘ సభ్యులు పేదవారి ఇంటికి తామే వెళ్ళి పలకరించే ఆనవాయితీ 1833లో పారిస్‌లో మొదలైంది. నేటికీ ఎన్నో విచారణలలో సాగుతోంది. సేవ ఎలా అందించాలో అది ఎప్పుడో చూపించింది. ఫిన్లాండ్ దేశం కూడా ఇళ్ళు ఇచ్చి ఊరుకోలేదు. ఇళ్ళు కట్టింది, సహాయకులను నియమించింది. 1987లో 18 వేలకు పైగా ఉన్న నిరాశ్రయుల సంఖ్య 2023 నాటికి సుమారు 3,400కు తగ్గింది. 2024లో అది మళ్ళీ 3,800 దాకా పెరిగింది. చేయి సడలిస్తే ఏ మంచి పనీ తనంతట తాను నిలవదు.

మన దేశంలో 2011 జనాభా లెక్కలు ఇల్లు లేనివారు 17 లక్షల 70 వేల పైచిలుకు అని చెప్పాయి. పట్టణాలలో వారికి ఏడాది పొడవునా తెరిచి ఉండే ఆశ్రయాలు కట్టాలని 2010లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. అక్కడ తాళం చెవి గురించి మాట్లాడుతుంటే మనం ఇంకా చాప గురించి మాట్లాడుతున్నాం. ఇవ్వగలిగింది ఇంత తక్కువైనప్పుడు, దానికీ షరతు పెట్టడానికి మనకు నోరెలా వస్తుంది?

మా ఆశ్రయంలో ఆ నియమాన్ని తర్వాత తీసేశాం. ఆ ప్రతిపాదనా నేనే చేశాను. ఈసారి మెచ్చుకున్నవారు తక్కువ. తరగతి ఇప్పటికీ ఏడు గంటలకు జరుగుతుంది. వచ్చేవారు నలుగురైదుగురే, కాని వారు నిజం మాట్లాడతారు. సీసా లోపలికి తేకూడదన్న నియమం అలాగే ఉంది. రిక్షా ముసలాయన వానాకాలంలో తిరిగి వచ్చాడు. సీసా గుమ్మం బయట పెట్టి లోపలికి వచ్చి పడుకున్నాడు. ఆయన తాగుడు మానలేదు. అద్భుతం ఏదీ జరగలేదు. కొన్ని సాయంత్రాలు మాత్రం తరగతి జరుగుతున్న గది బయట, గోడకు ఆనుకుని కూర్చుంటాడు. లోపలికి రమ్మని పిలుస్తాను. "రేపు చూద్దాం బాబూ" అంటాడు. మర్నాడు మళ్ళీ పిలుస్తాను.

మీ విచారణలోనూ ఇలాంటి గుమ్మం ఒకటి ఉండే ఉంటుంది. దాని ముందు నిలబడినవాణ్ణి మీరు మొదట ఏమడుగుతారు?